తాతగారి చిట్టాలో నుంచి రూపాయలు ఏరడం

మా తాతగారు రాత్రి పడుకోబోయే ముందు ఆనాటి ఖర్చులను చిట్టాలో రాసుకునేవారు. ఆ పుస్తకాలు మా పెదనాన్నగారి ఇంట్లో, అటక మీది ట్రంకుపెట్టెలో ఇన్నాళ్లూ ఉండిపోయాయి. పెదనాన్నగారి అమ్మాయి, అంటే మా అక్క, తీరిక దొరికినప్పుడల్లా వాటిని ఉన్నవి ఉన్నట్టుగా టైపు చేసి, పద్దుకు ఒక పంక్తి చొప్పున నాలుగు వేలకు పైగా పంక్తులున్న ఫైలు ఒకటి నాకు పంపి, "బియ్యానికి ఏ ఏడాది ఎంత అయిందో తీసి పెట్టరా, నువ్వు రోజూ చేసే పనేగా" అన్నది. నిజానికి అది నేను రోజూ చేసే పనే. అక్షరాల పొడుగాటి వరుస, అంటే స్ట్రింగ్‌లో నుంచి కావలసిన తునకను రెగ్యులర్ ఎక్స్‌ప్రెషన్‌తో, మా వాడుకలో రెగెక్స్‌తో, బయటికి తీయడం పదేళ్లుగా నా ఉద్యోగంలో భాగం. ఒక సాయంత్రం చాలుననుకున్నాను. మూడు వారాలు పట్టింది.

ఫైలులోని పంక్తులు ఇలా ఉంటాయి.

12-4-1956 బియ్యం 2 కుంచాలు రూ. 3-8-0
20-6-1956 పలక రూ. 0-6-0 బలపాలు రూ. 0-1-0

చివరన ఉన్న 3-8-0 అంటే 3 రూపాయల 8 అణాల 0 పైలు. మన దేశంలో 1957 ఏప్రిల్ 1న దశాంశ పద్ధతి వచ్చేవరకు రూపాయికి 16 అణాలు, అణాకు 12 పైలు. కనుక అణాల స్థానంలో 15కు మించిన అంకె, పైల స్థానంలో 11కు మించిన అంకె రావడానికి వీలు లేదు. ఇంత కచ్చితమైన నియమం చేతిలో ఉన్నప్పుడు వెతకవలసిన దాని రూపాన్ని చెప్పే ప్యాటర్న్ రాయడం ఎంతసేపు అనుకుని, కాస్త గర్వంగానే ఇలా రాశాను.

([0-9]+)-(1[0-5]|[0-9])-(1[01]|[0-9])

ఇందులో [0-9] అంటే ఏదో ఒక అంకె, కూడిక గుర్తు అంటే ఒకటి గాని అంతకు మించి గాని, నిలువు గీత అంటే "లేదా". మొదటి గుండ్రటి బ్రాకెట్లలో రూపాయలు, రెండో వాటిలో అణాలు, మూడో వాటిలో పైలు. నిలువు గీతకు రెండు వైపులా ఉన్న వాటి వరుసను కూడా ఆలోచించే పెట్టాను. పైతాన్, పెర్ల్, జావాస్క్రిప్ట్ వంటి ప్రోగ్రామింగ్ భాషల్లో ఎడమ పక్కనున్న ప్రత్యామ్నాయం కుదిరిందంటే దానితోనే సరిపెట్టుకుంటారు. కుడి పక్కన ఇంకా పొడుగైనది ఉన్నా చూడరు. అందువల్ల చివరి బ్రాకెట్లలో ఒంటి అంకెను ముందు పెట్టి ఉంటే 11 పైలు కాస్తా 1 పై అయిపోయేవి. ఫైళ్లలో వెతికే గ్రెప్ వంటి పాత యూనిక్స్ పనిముట్లు మాత్రం కుదిరిన వాటిలో పొడుగైన దానినే తీసుకుంటాయి. ఒకచోట సరిగా పనిచేసిన ప్యాటర్న్ మరోచోట వేరే జవాబు ఇవ్వడానికి ఈ తేడా ఒక కారణం.

ప్యాటర్న్‌ను నడిపితే దాదాపు అన్ని పంక్తులకూ జవాబులు వచ్చాయి. ఒక్క పొరపాటు సందేశం కూడా లేదు. కాని లెక్కలు చూస్తే ఒక వింత కనిపించింది: తాతగారు ఏ పద్దు రాసినా చివర 1 పై తప్పకుండా ఖర్చు పెట్టినట్టు ఉంది. బియ్యం కొన్నా, పలక కొన్నా, జోళ్లు కుట్టించినా 1 పై. అప్పుడు తేదీ వంక చూశాను. 12-4-1956లో 12 రూపాయలు, 4 అణాలు, 1956లోని మొదటి అంకె 1 పై. నా ప్యాటర్న్ తేదీని ఖర్చుగా చదివేసింది! వెతుకులాట ఎడమ నుంచి మొదలై మొదట కుదిరినచోటే ఆగిపోతుంది కాబట్టి అసలు సొమ్ము దాకా అది వెళ్లనే లేదు. చిట్టాలోని ప్రతి సంవత్సరమూ 19తోనే మొదలవుతుంది గనుక పొరపాటు అన్ని పంక్తులలోనూ ఒకే తీరుగా వచ్చి, అదృష్టవశాత్తు పట్టుబడింది.

కావలసిన తునక ఎలా ఉంటుందో ఎంత కచ్చితంగా వర్ణించినా, దాని పోలికలున్నది ఇంకొకటి అదే పంక్తిలో ఉంటే ఆ వర్ణన చాలదు. మన పొలం దస్తావేజులు రాసేవారికి ఈ సంగతి ఎప్పటి నుంచో తెలుసు. రెండెకరాల మాగాణి అని రాసి ఊరుకోరు; తూర్పున ఎవరి పొలం, దక్షిణాన ఏ కాలువ, పడమట ఏ డొంక, ఉత్తరాన ఎవరి గట్టు అని చెక్కుబందీ రాస్తారు. స్ట్రింగ్‌కు ఉన్నవి రెండే దిక్కులు, ఎడమ, కుడి. నా ప్యాటర్న్‌కు ఆ ఎడమ హద్దు లేదు. తాతగారు మాత్రం అంకెల్లో వేసిన ప్రతి సొమ్ముకూ ముందు తప్పకుండా "రూ." అని రాసి ఉంచారు.

రూ\. *([0-9]+)-(1[0-5]|[0-9])-(1[01]|[0-9])

చుక్క ముందున్న బ్యాక్‌స్లాష్ దానిని మామూలు చుక్కగానే చూడమని చెబుతుంది. ఇక్కడ "రూ." అనేది హద్దు మాత్రమే, మనకు కావలసిన సరుకు కాదు. కనుకనే బ్రాకెట్లు అవసరం. రెగెక్స్ మనకు రెండు రకాల జవాబులు ఇస్తుంది: ప్యాటర్న్‌కు మొత్తంగా కుదిరిన తునకను సున్నా సంఖ్య గుంపుగాను, ఒక్కొక్క బ్రాకెట్ల జతలో పడినదానిని 1, 2, 3 గుంపులుగాను. కొత్తగా నేర్చుకునేవారు సున్నా గుంపును తీసుకుని, అందులో ఇంకా "రూ." అంటుకుని ఉందేమిటని తికమకపడుతుంటారు. హద్దును కూడా వదిలించుకున్న తునకే సున్నా గుంపుగా రావాలంటే వెనుకచూపు అనే పద్ధతి ఉంది.

(?<=రూ\. )[0-9]+

దీని అర్థం, వెనుక "రూ." ఆపైన ఒక ఖాళీ ఉన్నాయో లేదో చూడు, కాని వాటిని తీసుకోకు అని. చూడడానికి బాగుంటుంది గాని, పైతాన్‌తో వచ్చే రెగెక్స్ ఇంజను, అంటే ప్యాటర్న్‌ను నడిపే ప్రోగ్రాం, ఆ వెనుకచూపులో పొడవు మారే దేనినీ ఒప్పుకోదు. ఖాళీలు ఎన్నైనా ఉండవచ్చని నక్షత్రం పెడితే వెంటనే పొరపాటు చూపుతుంది. అక్క ఒకచోట ఒక ఖాళీ, ఇంకోచోట రెండు, మరోచోట అసలు లేకుండా టైపు చేసింది కాబట్టి నాకు ఆ పద్ధతి పనికిరాలేదు. సాధారణ బ్రాకెట్లతో అయ్యే పనికి వెనుకచూపు ఎందుకన్నది నా అభిప్రాయం కూడాను.

తరువాత వస్తువు పేరు తీయాలి. అది తేదీకి, "రూ."కు నడుమ ఉంటుంది.

^[0-9-]+ (.+) రూ\.

ముందున్న ^ గుర్తు అంటే పంక్తి మొదలు. బియ్యం పంక్తిలో ఇది సరిగానే "బియ్యం 2 కుంచాలు" తెచ్చింది. పలక పంక్తిలో మాత్రం "పలక రూ. 0-6-0 బలపాలు" అని మొత్తం ఊడ్చుకొచ్చింది. ఏ అక్షరమైనా సరే అనే చుక్క పక్కన కూడిక గుర్తు పెడితే ఇంజను అందినంతా తీసుకుని, ఆ తరువాత తప్పనిసరైతేనే ఒక్కొక్క అక్షరం వెనక్కి ఇస్తుంది, అందువల్ల చివరి "రూ." దగ్గర ఆగింది. కూడిక పక్కన ప్రశ్నార్థకం చేర్చి (.+?) అని రాస్తే తక్కువతో మొదలుపెట్టి, అవసరమైన కొద్దీ పెంచుకుంటూ పోతుంది; అప్పుడు "పలక" ఒక్కటే వచ్చింది. 1994లో వచ్చిన పెర్ల్ 5 నుంచి ఈ సదుపాయం మిగతా భాషలకు పాకింది.

అయితే ప్రశ్నార్థకం పెడితే అన్నిటికన్నా చిన్న తునక వస్తుందని చాలామంది నమ్మకం. నేను కూడా చాలాకాలం అలాగే అనుకున్నాను. ఈ పంక్తి చూడండి.

3-2-1957 దుక్కి కూలి రూ. తేలలేదు, పురుగుమందు రూ. 4-0-0

"రూ."కు, గీతకు మధ్య ఉన్నది తీయమని రూ\.(.+?)- అని రాస్తే వచ్చినది 4 కాదు, "తేలలేదు, పురుగుమందు రూ. 4" అన్న తునక. మొదలుపెట్టే చోటు ఎప్పుడూ ఎడమవైపున మొదట దొరికిన "రూ."యే, పొదుపు అంతా ఎక్కడ ఆగాలన్న దానిలోనే. ఇటువంటి చోట ఏదైనా సరే అనే చుక్కను మానేసి, అంకెలు మాత్రమే అని [0-9]+ రాయడమే మందు. చుక్కను ఎంత తక్కువ వాడితే అంత మంచిదని ఈ మూడు వారాల్లో మరోసారి అనిపించింది.

తాతగారు ఆ బియ్యం పద్దు రాసిన 1956లోనే, అమెరికాలో స్టీఫెన్ క్లీనీ అనే గణితవేత్త నాడీకణాల వలల గురించిన తన పరిశోధన వ్యాసంలో ఈ రెగ్యులర్ అనే భావనను అచ్చు వేయించాడు. మనం "ఎన్నిసార్లైనా" అనడానికి పెట్టే నక్షత్రాన్ని ఇప్పటికీ క్లీనీ స్టార్ అంటారు. ఆ గణితాన్ని 1968లో కెన్ థాంప్సన్ కంప్యూటర్‌లో అక్షరాలు వెతికే పద్ధతిగా మలిచాడు. గ్రెప్ కూడా ఆయన చేతిదే. థాంప్సన్ చెప్పిన పద్ధతిలో ఇంజను అన్ని దారులలోనూ ఒకేసారి ముందుకు నడుస్తుంది కనుక స్ట్రింగ్ ఎంత పొడుగైతే పని కూడా ఆ దామాషాలోనే పెరుగుతుంది. తరువాత వచ్చిన పెర్ల్, పైతాన్, జావా వంటివి ఒక దారి పట్టి, కుదరకపోతే వెనక్కి వచ్చి ఇంకో దారి పట్టే పద్ధతిని ఎంచుకున్నాయి. దానివల్ల కొన్ని అదనపు సౌకర్యాలు వచ్చాయి, ఒక పెద్ద ప్రమాదం కూడా వచ్చింది.

ఆ ప్రమాదం నాకు ఇలా ఎదురైంది. పంక్తిని మాటలుగా విడదీయాలన్న ఉద్దేశంతో ఒక అర్ధరాత్రి ఈ ప్యాటర్న్ రాశాను.

^([^ ]+ *)+రూ

ఖాళీ కానివి కొన్ని, తరువాత ఖాళీలు ఉంటే ఉండవచ్చు, ఈ మొత్తం ఎన్నిసార్లైనా, చివర "రూ". చదివితే తప్పేమీ కనిపించదు. ప్రోగ్రాం కొన్ని వందల పంక్తులు దాటి హఠాత్తుగా ఆగిపోయింది. పొరపాటు సందేశం లేదు, కంప్యూటర్ ఫ్యాను మాత్రం హోరున తిరుగుతున్నది. ఆగిన చోట చూస్తే, తాతగారు నెల చివర కొట్టిన అడ్డగీతను అక్క 40 చిన్న గీతలుగా టైపు చేసి ఉంది. అందులో "రూ" లేదు, ఖాళీ కూడా లేదు. లోపల ఒక కూడిక, బయట ఇంకో కూడిక ఉండటం వల్ల ఆ 40 గీతలను ఎన్ని రకాలుగా ముక్కలు చేయవచ్చో అన్ని రకాలుగానూ ఇంజను ప్రయత్నించబోయింది. ఒక్కొక్క గీతకూ నడుమ కోయడమా మానడమా అన్నది 39 సార్లు తేల్చుకోవాలి కాబట్టి ఆ రకాలు 2 ఘాతం 39, అంటే దాదాపు 55 వేల కోట్లు. 2019 జూలై 2న, వెబ్‌సైట్లకు వేగమూ రక్షణా అందించే క్లౌడ్‌ఫ్లేర్ సంస్థ సేవలు ప్రపంచమంతటా అరగంటకు కాస్త తక్కువగా నిలిచిపోవడానికి కూడా వెనక్కి వచ్చి మళ్లీ మళ్లీ వెతికే ఇటువంటి ప్యాటర్నే ఒక ముఖ్య కారణం. అంతటివారికే జరిగిందని తెలిసి కాస్త ఊరట పొందాను. బయటి కూడిక తీసేసి ^.*?రూ అని మామూలుగా రాస్తే అడ్డగీత పంక్తి రెప్పపాటులో దాటిపోయింది. గూగుల్ వారి రెగెక్స్ ఇంజను ఆర్‌ఈ2, గో భాషలోని రెగెక్స్ థాంప్సన్ బాటలోనే ఉన్నాయి కనుక అక్కడ ఈ బెడద ఉండదు.

ఇంతవరకు చెప్పినవి ఏ భాషలో రాసిన చిట్టాకైనా వచ్చే తంటాలే. తెలుగుకు ప్రత్యేకమైనవి ఆ తరువాత మొదలయ్యాయి. ఒక మాటలోని అక్షరం అనడానికి రెగెక్స్‌లో బ్యాక్‌స్లాష్ డబ్ల్యూ అని రాస్తారు. దాని పక్కన కూడిక పెడితే ఒక్కొక్క మాటా విడివిడిగా రావాలి. "బియ్యం" ఇచ్చి చూస్తే పైతాన్ నాకు బ, య, య అని మూడు ముక్కలు ఇచ్చింది. "కందిపప్పు" ఇస్తే క, ద, పప, ప అన్నది. మన కంటికి రెండక్షరాలుగా కనిపించే "బియ్యం", లిపులలోని అక్షరాలకు కంప్యూటర్ సంకేతాలిచ్చే యూనికోడ్‌లో ఆరు సంకేతాలు: బ, గుడి, య, పొల్లు, య, సున్న. గుణింతపు గుర్తులు, పొల్లు, సున్న యూనికోడ్ వర్గీకరణలో అక్షరాలు కావు, అక్షరాన్ని అంటిపెట్టుకుని ఉండే గుర్తులు. పైతాన్‌తో వచ్చే ఇంజను వాటిని మాటలో భాగంగా లెక్కించదు. పెర్ల్ లెక్కిస్తుంది. జావాస్క్రిప్ట్‌లో బ్యాక్‌స్లాష్ డబ్ల్యూకు ఇంగ్లీషు అక్షరాలు, అంకెలు, అడుగుగీత తప్ప మరేమీ తెలియదు. అసలు బ కూడా దొరకదు. నేను వీటన్నిటినీ మానేసి నేరుగా తెలుగు పరిధినే రాసుకున్నాను.

[ఁ-౿]+

యూనికోడ్‌లో తెలుగుకు 0సి00 నుంచి 0సి7ఎఫ్ వరకు 128 స్థానాలు కేటాయించారు. ఈ బ్రాకెట్లలో మొదట ఉన్నది అరసున్న. చివర ఉన్నది తూము గుర్తు, అంటే ధాన్యం కొలిచే తూమే. పాత భిన్నాల గుర్తులతో పాటు ఇది 2008లో యూనికోడ్‌లోకి వచ్చింది. అరసున్న నుంచి తూము దాకా అని చదువుకుంటే ఈ ప్యాటర్న్ మరిచిపోవడం కష్టం. ఒక్క జాగ్రత్త కావాలి: "షాప్‌లో" వంటి మాటల్లో పొల్లును పొల్లుగానే నిలపడానికి కీబోర్డు చొప్పించే కంటికి కనబడని సంకేతం ఒకటి ఈ పరిధికి బయట, 200సి దగ్గర ఉంటుంది. దానిని కూడా చేర్చకపోతే మాట సగానికి తెగిపోతుంది.

దీనికన్నా నన్ను ఎక్కువ ఏడిపించినది పావలా. చిన్న మొత్తాలను తాతగారు ఒక్కోసారి అంకెల్లో కాక మాటల్లో రాసేవారు: బేడ అంటే 2 అణాలు, పావలా అంటే 4, ముప్పావలా అంటే 12. "ముప్పావలా"లో "పావలా" మొత్తంగా ఇమిడి ఉంది కాబట్టి ఊరికే పావలా అని వెతికితే 12 అణాలు 4 అణాలుగా పడతాయి. అందుకే మాటకు రెండు వైపులా హద్దు ఉండాలని చెప్పే బ్యాక్‌స్లాష్ బి పెట్టాను. ఫలితం మతి పోగొట్టింది. "ముప్పావలా" అన్న మాటలో ఎడమ హద్దు కుదిరిపోయింది. "పావలా ఇచ్చాను" అన్నచోట కుడి హద్దు కుదరలేదు. "పావలాకి" అన్నచోట రెండూ కుదిరాయి! కారణం పైన చెప్పినదే: హద్దు అంటే మాటలో భాగమైన సంకేతానికీ, కానిదానికీ నడుమ ఉన్న చోటు. పొల్లు మాటలో భాగం కాదని పైతాన్ నమ్మకం కనుక "ముప్పావలా"లో పొల్లుకూ ఆ పక్కనున్న ప-కూ మధ్య హద్దు ఉంది. "పావలా" చివరి దీర్ఘం కూడా మాటలో భాగం కాదు, తరువాతి ఖాళీ కూడా కాదు, కనుక అక్కడ హద్దు లేదు. తెలుగులో బ్యాక్‌స్లాష్ బి ఉన్నచోట ఉండదు, లేనిచోట ఉంటుంది. చివరికి హద్దును నేనే రాసుకోవలసి వచ్చింది.

(?<![ఁ-౿])పావలా

వెనుక తెలుగు సంకేతమేదీ ఉండకూడదు అని దీని అర్థం. కుడివైపు హద్దు కావాలనే పెట్టలేదు. పావలాకి, పావలాతో, పావలాయే అని మన విభక్తులూ ప్రత్యయాలూ మాటకు కుడివైపునే అతుక్కుంటాయి. ఆ వైపు తలుపు తీసి ఉంచకపోతే సగం పద్దులు జారిపోతాయి.

1957 తరువాత కూడా తాతగారు ఏడాదికి పైగా అణాల లెక్కనే పట్టుకుని ఉండి, ఆ తరువాత "రూ. 2.37" అని నయా పైసల్లోకి మారారు. అణాలకూ పైసలకూ కలిపి ఒకే ప్యాటర్న్ రాయాలన్న సరదా పుట్టింది గాని, రెండు వేరువేరు ప్యాటర్న్‌లు రాసి ఒకదాని తరువాత ఒకటి నడపడమే మేలనిపించింది. ఆరు నెలల తరువాత తిరిగి చదివినప్పుడు నాకే అర్థం కానిది రాసి ఏం ప్రయోజనం? అణాకు 6.25 నయా పైసల చొప్పున మార్చడం మామూలు లెక్క. దానికి రెగెక్స్‌తో పని లేదు.

అన్నిటికన్నా పాత పుస్తకంలో తాతగారు తెలుగు అంకెలే వాడారు. [0-9] వాటిని చూడదు కనుక [౦-౯]+ అని రాశాను. పైతాన్‌లో బ్యాక్‌స్లాష్ డి తెలుగు అంకెలను కూడా గుర్తిస్తుంది, ౧౦ని నేరుగా 10గా మార్చుకోగలదు కూడా. జావాస్క్రిప్ట్‌లో మాత్రం ఆ వీలు లేదు. ఇంత చేసినా ఆ పుస్తకంలోని కొన్ని మొత్తాలు మరీ తక్కువగా వచ్చాయి. 10 రూపాయలకు కొన్నవి 1 రూపాయి అయ్యాయి, 20కి కొన్నవి 2 అయ్యాయి. తెర మీద పంక్తి చూస్తే అంతా సరిగానే ఉంది. సంకేతాలు ఒక్కొక్కటిగా విడదీసి చూస్తే, అక్క అంకెల సున్నకు బదులు చాలాచోట్ల అక్షరాల సున్నను, అంటే "బియ్యం" చివర ఉండే పూర్ణానుస్వారాన్ని కొట్టింది. ఆమె వాడిన ఫాంటులో రెండూ ఒకలాగే కనిపిస్తాయి. తెలుగులో రెండింటినీ పిలిచే పేరు కూడా ఒక్కటే కనుక ఆమెను అనడానికి ఏమీ లేదు. "రూ." తరువాత వచ్చే గుంపులో మాత్రం [౦-౯ం]+ అని రాసి, బయటికి తీశాక ఆ సున్నను ఈ సున్నగా మార్చాను.

ఈ పనిలో నేను మొదటి రోజే చేయవలసి ఉండి ఆఖరున చేసినది ఒకటుంది: కుదిరిన పంక్తులను పక్కన పెట్టి, ఏ ప్యాటర్న్‌కూ కుదరని పంక్తులను విడిగా అచ్చు వేసి చదవడం. మొదటిసారి మూడు వందలకు పైగా వచ్చాయి. ఒక్కొక్కదానినీ చూసుకుంటూ సవరించగా చివరికి 17 మిగిలాయి. వాటిలో కొన్ని అడ్డగీతలు, కొన్ని బంధువుల రాకపోకలు, ఒకటి వాన లెక్క. మూడు పంక్తుల్లో మాత్రం తేదీ వేసి, పక్కన "నేడు ఖర్చు లేదు" అని ఉంది.

ఖర్చు లేదని రాయడానికి కూడా ఆయన లాంతరు ముందు కూర్చున్నారన్న మాట. ఆ మూడింటికి గడి ఖాళీగా వదిలేయనా, సున్న పెట్టనా అని అక్కకు ఫోను చేసి అడిగాను.

"సున్నే పెట్టరా," అని, ఒక క్షణం ఆగి, "ఏ సున్నరా?" అన్నది.